వేలెడంత లేదు... చరిత్రను కదిలించింది!

సినిమాల్లో చూస్తాం. పేపర్లో చదువుతాం. 'మాటల తూటాలు' అంటూ రాజకీయ నాయకుల నోటికీ తగిలిస్తాం. కానీ తూటా అంటే నిజంగా ఏమిటి? అందులో ఎన్ని రకాలు? ఏ రకాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు? ఈ ప్రశ్నల మీద సైన్యాలు తిరగబడ్డాయి, దేశాలు సమావేశాలు పెట్టుకుని వాదించుకున్నాయి. ఆ కథలో రెండు ముఖ్య ఘట్టాలు మన దేశంలోని ఒకే ఊళ్లో మొదలయ్యాయి!

విమానాశ్రయంలో ప్రయాణికుడి బ్యాగులో తూటా... తరచూ కనిపించే వార్తే ఇది. సామాను స్కానర్‌లోంచి వెళ్తుంది. తెర మీద వేలెడంత వస్తువు కనిపిస్తుంది. బ్యాగు పక్కకు తీస్తారు. 'మా నాన్నగారికి లైసెన్సు తుపాకి ఉండేదండీ, ఎప్పుడో ఈ బ్యాగులో పడిపోయినట్టుంది' అంటాడు ఆ పెద్దమనిషి. విమానం వెళ్లిపోతుంది. ఆయన పోలీస్ స్టేషన్‌కు వెళ్తాడు.

తుపాకి లేదు కదా, ఒక్క తూటాతో ఏమవుతుంది అనిపిస్తుంది మనకు. చట్టం అలా అనుకోదు. 1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో తుపాకి ఎంతో, తూటా అంతే. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. తెలిసి పెట్టుకున్నాడా, తెలియక ఉండిపోయిందా అన్నది కోర్టులు చూస్తాయి. కానీ అక్కడిదాకా వెళ్లి తేల్చుకునేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

ఇంత చిన్న వస్తువుకు అంత పట్టింపు ఎందుకంటే... అసలు దెబ్బ తీసేది అదే కాబట్టి.

నాలుగు వస్తువుల పొట్లం

మనం తూటా అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, అది ఒక వస్తువు కాదు, నాలుగు. పైన మొనదేలి కనిపించేది బుల్లెట్టు. తుపాకిలోంచి దూసుకెళ్లేది అదొక్కటే. దాని కింద ఇత్తడి గొట్టం. దాన్ని షెల్లు అంటారు. గొట్టం లోపల తుపాకి మందు. అడుగున, సరిగ్గా మధ్యలో చిన్న బిళ్లలాంటి ప్రైమర్.

ట్రిగ్గర్ నొక్కగానే తుపాకిలోని సూది ప్రైమర్‌ను పొడుస్తుంది. అగ్గిపుల్ల గీసినట్టు నిప్పురవ్వ పుడుతుంది. అది మందును అంటిస్తుంది. మందు మండి వాయువు అవుతుంది. ఆ వాయువుకు గొట్టంలో చోటు చాలదు. దారి వెతుక్కుంటూ బుల్లెట్టును ముందుకు తోసేస్తుంది. ఇదంతా రెప్పపాటు కూడా పట్టదు. ఖాళీ అయిన షెల్లు బయటపడుతుంది. నేరం జరిగిన చోట పోలీసులు నేలంతా వెతికేది దీనికోసమే. సూది పొడిచిన గుర్తు దాని అడుగున ఉండిపోతుంది. ఏ తుపాకిలోంచి వచ్చిందో తేల్చడానికి ఆ గుర్తు సాక్ష్యం.

రైఫిల్ గొట్టం లోపలి గోడల మీద మెలికలు తిరిగిన గాడులుంటాయి. రైఫిల్ అన్న పేరు వాటివల్లే వచ్చింది. ఆ గాడుల్ని ఒరుసుకుంటూ వెళ్లే బుల్లెట్టు గిర్రున తిరుగుతూ బయటికొస్తుంది. తిరుగుతున్న బొంగరం పడిపోకుండా నిలబడుతుందే... అదే సూత్రం. తిరిగే బుల్లెట్టు పక్కకు ఒరగకుండా ముక్కుసూటిగా వెళ్తుంది.

తూటా లేని తుపాకి చేతికర్రతో సమానం. ఈ సంగతి అల్లూరి సీతారామరాజుకు బాగా తెలుసు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడిచేసినప్పుడు మన్యం వీరులు పట్టుకెళ్లింది తుపాకుల్ని మాత్రమే కాదు, తూటాలను కూడా.

పళ్లతో కొరకమన్నారు!

ఇత్తడి గొట్టాలు రాకముందు తూటా అంటే కాగితం పొట్లమే. అందులో కొలిచి పోసిన మందు, ఒక సీసపు గుండు ఉండేవి. సిపాయి పొట్లం కొసను పళ్లతో కొరికి, మందును తుపాకి గొట్టంలో పోసి, ఆపైన గుండును కూరి, ఇనుప కడ్డీతో దట్టించాలి. గుండు సులువుగా జారడానికి కాగితానికి కొవ్వు పూసేవారు.

ఈస్టిండియా కంపెనీ తన సిపాయిలకు ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఇవ్వాలనుకుంది. కలకత్తా పక్కనున్న దమ్‌దమ్‌లో ఆయుధాగారం ఉంది. కొత్త రైఫిల్ శిక్షణ కూడా అక్కడే. 1857 జనవరిలో అక్కడ ఒక ఖలాసీ, బ్రాహ్మణ సిపాయిని చెంబుతో మంచినీళ్లడిగాడట. కులం పేరు చెప్పి సిపాయి ఇవ్వలేదు. 'ఎందుకయ్యా ఆ కులం? రేపోమాపో ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు కొరకబోతున్నావుగా' అని ఖలాసీ ఎత్తిపొడిచాడు. ఆ ఉదంతాన్ని అప్పటి అధికారులు తమ నివేదికల్లో రాసుకున్నారు. హిందువులకు ఒకటి కూడదు, ముస్లింలకు ఇంకొకటి కూడదు. మాట కార్చిచ్చులా పాకింది.

అప్పటికే సిపాయిల్లో, సంస్థానాల్లో కంపెనీ మీద కోపం గూడుకట్టుకుని ఉంది. తూటా దానికి నిప్పురవ్వ అయింది. చేత్తో చింపుకోవచ్చని, కొవ్వు మీరే పూసుకోండని అధికారులు సర్దిచెప్పబోయారు. నమ్మేవాళ్లు లేరు. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 8న ఉరితీశారు. అదే నెల 24న మీరట్‌లో 85 మంది సిపాయిలు తూటాలు ముట్టబోమన్నారు. మే 9న అందరి ముందూ వాళ్ల కాళ్లకు సంకెళ్లు వేశారు. తెల్లారితే మే 10... తర్వాతి కథ మనకు తెలిసిందే.

సీసానికి రాగి చొక్కా

అప్పటి నల్లమందుతో రెండు చిక్కులు. కాల్చగానే కమ్ముకునే పొగతో ఎదుట ఏముందో కనిపించేది కాదు. పైగా కాల్చినవాడు ఎక్కడున్నాడో శత్రువుకు ఇట్టే తెలిసిపోయేది. 1884లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియే పొగలేని మందును కనిపెట్టాడు. రెండేళ్లలో ఫ్రెంచి సైన్యం దాంతో పనిచేసే లెబెల్ రైఫిల్‌ను తెచ్చుకుంది.

కొత్త మందుతో వేగం బాగా పెరిగింది. ఆ వేగానికి మెత్తటి సీసం తట్టుకోలేదు. గాడులకు రాసుకుని గొట్టమంతా అంటుకుపోయేది. దాంతో సీసం గుండుకు రాగి కలిసిన లోహంతో తొడుగు వేశారు. మొన నుంచి కింది దాకా కప్పేసే ఈ రకమే 'ఫుల్ మెటల్ జాకెట్'. ఈనాటికీ సైనికుల రైఫిళ్లలో మామూలుగా వాడేది ఇదే. సైన్యం భాషలో దీనికి ఇప్పటికీ 'బాల్' అనే పేరు. గుండ్రటి సీసపు గోళీలు వాడిన రోజుల నుంచి మిగిలిపోయిన మాట అది. గోళీ పోయి మొన వచ్చింది గానీ పేరు మారలేదు.

మళ్లీ దమ్‌దమ్!

తొడుగు బుల్లెట్టు ఒంట్లోంచి సన్నటి రంధ్రం చేసుకుని దూసుకుపోయేది. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ పోరాటంలో, 'దెబ్బ తగిలినా వాళ్లు ఆగడం లేదు' అని బ్రిటిష్ సైనికులు గొణిగారు. దమ్‌దమ్ ఆయుధాగారం పర్యవేక్షకుడు కెప్టెన్ బెర్టీ-క్లే దానికో ఉపాయం కనిపెట్టాడు. బుల్లెట్టు మొన దగ్గర తొడుగు కొంచెం తీసేసి, లోపలి సీసం బయటికి కనిపించేలా వదిలేశాడు. అంతే! ఒంటికి తగలగానే మెత్తటి మొన పువ్వులా విచ్చుకుంటుంది. వెళ్లిన రంధ్రం చిన్నది, లోపల గాయం ఘోరం. ఈ రకానికి 'సాఫ్ట్ పాయింట్' అని పేరు. మొనలో గుంట ఉండి, అలాగే విచ్చుకునేదాన్ని 'హాలో పాయింట్' అంటారు. లోకం మాత్రం అన్నిటినీ కలిపి 'దమ్‌దమ్ బుల్లెట్లు' అని పిలిచింది.

1899లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో దేశాలన్నీ యుద్ధ నియమాల కోసం కూర్చున్నప్పుడు ఈ బుల్లెట్టు చర్చకు వచ్చింది. అంతకు ముందే, 1868లో, 400 గ్రాముల లోపు పేలుడు గుండ్లను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నిషేధించుకున్నారు. శత్రువును ఆపితే చాలు, అంతకుమించి నరకం చూపించాల్సిన పనిలేదు అన్నది అక్కడి సూత్రం. అదే లెక్కన విచ్చుకునే బుల్లెట్లూ వద్దన్నారు. బ్రిటన్ అడ్డుపడింది. ఆ దేశం తరఫున వెళ్లిన సర్ జాన్ అర్డా వాదన ఈ రోజు చదివినా ఒళ్లు మండుతుంది. నాగరిక సైనికుడు గాయపడితే ఆగిపోతాడట. 'అనాగరికుడు' ఆగడట, కాబట్టి వాడికి ఈ బుల్లెట్టే కావాలట! ఆ అనాగరికులు ఎవరో వేరే చెప్పాలా? మన గడ్డ మీద, మన వాయవ్య సరిహద్దు మనుషుల కోసం తయారైన తూటా అది.

ఆ ఏడాది జులై 29న నిషేధ ప్రకటన వెలువడింది. బ్రిటన్ కూడా 1907లో ఒప్పుకుంది. యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లు వాడకూడదన్న నియమం ఇప్పటికీ ఉంది.

ఇక్కడో విచిత్రం చూడండి. అదే ఇంగ్లండ్‌లో జింకను రైఫిల్‌తో వేటాడాలంటే విచ్చుకునే బుల్లెట్టే వాడాలని చట్టం. తొడుగు బుల్లెట్టు తగిలిన జింక గాయంతో పారిపోయి రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది కాబట్టి, ఒక్క దెబ్బకే ప్రాణం పోవాలన్నది అక్కడి ఉద్దేశం. కొన్ని దేశాల పోలీసులు కూడా ఈ రకాన్నే వాడతారు. అది ఒంట్లోనే ఆగిపోతుంది, వెనకున్న అమాయకుడికి తగిలే ప్రమాదం తక్కువ అని వాళ్ల లెక్క. బుల్లెట్టు ఒకటే, న్యాయాలు వేరు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటే నేరమైంది.

తొడుగు బుల్లెట్టు దయగలది అనుకోకండి. వేగంగా వచ్చే సన్నటి బుల్లెట్టు ఒంట్లో పల్టీ కొడితే గాయం తక్కువేమీ కాదు. ఎంత చెడ్డదాంట్లోనైనా ఒక గీత గీసుకోవాలన్నదే హేగ్ ప్రయత్నం.

అంకెల్లో ఏముంది?

త్రీ నాట్ త్రీ, 5.56... ఈ అంకెలేమిటి? తుపాకి గొట్టం లోపలి వెడల్పు అది. దాంట్లో పట్టే బుల్లెట్టు లావు కూడా ఇంచుమించు అంతే. త్రీ నాట్ త్రీ అంటే అంగుళంలో వెయ్యో వంతులు 303. మిల్లీమీటర్లలో దాదాపు 7.7. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ ఇండియా సైన్యం చేతిలో ఉన్నది ఈ రైఫిలే. తర్వాత దశాబ్దాలపాటు మన పోలీసుల భుజాన వేలాడిందీ ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020లో!

రెండు అంకెలు ఉంటే మొదటిది లావు, రెండోది షెల్లు పొడవు. ఏకే-47 తూటా 7.62×39. పాత ఎస్సెల్లార్ రైఫిల్ తూటా 7.62×51. రెండింటి లావూ ఇంచుమించు ఒకటే అయినా దానిది దీనికి పట్టదు. రెండో దాంట్లో మందు ఎక్కువ, దూరం ఎక్కువ, భుజానికి తగిలే తన్ను కూడా ఎక్కువే. 5.56×45 తూటా వీటికన్నా సన్నం, తేలిక. అదే బరువుకు సైనికుడు ఎక్కువ తూటాలు మోసుకెళ్లగలడు. దాని వేగం సెకనుకు 900 మీటర్లు. ధ్వని వేగం 340 మీటర్లే. అంటే చప్పుడు చెవిన పడకముందే బుల్లెట్టు చేరిపోతుంది.

1990లలో మన సైన్యం ఇన్సాస్ రైఫిల్‌తో 5.56కి మారింది. ఇప్పుడు మళ్లీ లావు తూటా వైపు వెళ్తోంది. 2019లో అమెరికా నుంచి కొన్న సిగ్ రైఫిళ్లు 7.62×51వి. అమేథీ దగ్గర కోర్వాలో రష్యాతో కలిసి తయారుచేస్తున్న ఏకే-203 రైఫిళ్లు 7.62×39వి. తేలికా, దెబ్బ బలమా? ఏది ముఖ్యమన్న వాదన ఇంకా తెగలేదన్నమాట.

మరి బ్యాంకు గార్డు చేతిలోని 12 బోరు? అది రైఫిల్ కాదు. గొట్టంలో గాడులుండవు. దాని తూటాలో సాధారణంగా ఒక బుల్లెట్టుకు బదులు బోలెడు రవ్వలుంటాయి. ఆ 12 మిల్లీమీటర్లూ కాదు, అంగుళాలూ కాదు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు చేసి తూస్తే ఒక పౌను తూగుతాయి. అదీ లెక్క!

వెలిగేవి, చీల్చేవి, ఉత్తుత్తివి

రాత్రి యుద్ధ దృశ్యాల్లో ఎర్రటి గీతలు ఆకాశంలో దూసుకుపోతుంటాయి కదా. అవి 'ట్రేసర్' తూటాలు. బుల్లెట్టు వెనక భాగంలో మండే రసాయనం నింపుతారు. గురి ఎటు పోతోందో కాల్చేవాడికి కనిపిస్తుంది. ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం. దీపావళి మతాబుల్లో రంగులిచ్చేదీ ఈ లోహాల లవణాలే. 'ఆర్మర్ పియర్సింగ్' రకంలో సీసానికి బదులు గట్టి ఉక్కో, టంగ్‌స్టనో ఉంటుంది. ఇనుప రేకుల్ని చీల్చుకుపోవడానికి అది.

ప్రముఖులకు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగేటప్పుడు పోలీసులు గాల్లోకి కాల్పులు జరుపుతారు. అప్పుడు వాడేవి 'బ్లాంక్' తూటాలు. షెల్లు, మందు, ప్రైమర్... అన్నీ ఉంటాయి. బుల్లెట్టు మాత్రం ఉండదు. గొట్టం మూతిని నొక్కేసి మూస్తారు. సైనిక శిక్షణలో వాడే 'డమ్మీ' దీనికి భిన్నం. చూడ్డానికి అచ్చం తూటాలాగే ఉన్నా, మండే పదార్థం ఏదీ ఉండదు.

బ్లాంకే కదా అని ఆడుకోకూడదు. దాని మూతి నుంచి వచ్చే వాయువు దగ్గర్లో ఉన్న మనిషిని చంపగలదు. 1984లో అమెరికా నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో, బ్లాంక్ ఉన్న రివాల్వర్‌ను సరదాగా కణతకు పెట్టుకుని నొక్కాడు. ప్రాణం పోయింది. 2021 అక్టోబరులో 'రస్ట్' సినిమా సెట్‌లో డమ్మీలు ఉండాల్సిన రివాల్వర్‌లో అసలు తూటా చేరింది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. రెండు చోట్లా రైఫిల్ కాదు గానీ, పాఠం మాత్రం ఒకటే. రకం తెలియని తూటా అంటే అసలు తూటా అనే అనుకోవాలి.

పతకం తెచ్చే తూటా

అన్ని తూటాలూ ప్రాణం తీయడానికే కాదు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. దాంట్లో మందూ లేదు, ప్రైమరూ లేదు. గాలి ఒత్తిడే 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను తోస్తుంది. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు! 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టిన ఆట కూడా ఇదే.

2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలేకు కాంస్యం తెచ్చిన 50 మీటర్ల పోటీలో మాత్రం మందున్న తూటాయే వాడతారు. దాన్ని పాయింట్ టూ టూ అంటారు. దీనికి అడుగున బిళ్ల కనిపించదు. ప్రైమర్ మందు షెల్లు అంచులో ఉంటుంది. సూది మధ్యలో కాకుండా అంచు మీద పొడుస్తుంది. అందుకే 'రిమ్ ఫైర్' అన్నారు. చిన్నదే కానీ బొమ్మ కాదు. కిలోమీటరు దూరంలో ఉన్నవాళ్లకు కూడా ప్రమాదమే.

పైకెళ్లింది కిందికొస్తుంది

ఉత్తరాదిన పెళ్లి ఊరేగింపుల్లో సంబరంగా గాల్లోకి కాల్చే అలవాటుంది. పైకి కాల్చితే ఎవరికేం నష్టం అనుకుంటారు. మరి ఆ బుల్లెట్టు ఎక్కడికి పోతుంది? 1920 ప్రాంతంలో అమెరికా సైనికాధికారి హాచర్ ఈ లెక్క తీశాడు. నిటారుగా పైకి కాల్చిన రైఫిల్ బుల్లెట్టు సెకనుకు దాదాపు 90 మీటర్ల వేగంతో కింద పడింది. అంటే గంటకు 300 కిలోమీటర్ల పైమాటే. నెత్తి మీద పడితే చాలు. ఇక కొంచెం ఏటవాలుగా కాల్చితే వేగం ఇంకా ఎక్కువే ఉంటుంది. ఎక్కడో మేడ మీద ఆడుకునే పిల్లాడికి తగలొచ్చు.

అందుకే 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి ఇలాంటి కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని రాశారు.

ఇక మన ఇంటి సంగతి. పాత పెట్టె సర్దుతుంటేనో, పొలంలోనో తూటా కనబడితే పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. సుత్తితో కొట్టడం, మంటలో వేయడం అస్సలు వద్దు. తుపాకిలో లేకుండా పేలితే బుల్లెట్టు కన్నా ఇత్తడి షెల్లు ముక్కలే ఎక్కువ ప్రమాదం, కళ్లు పోతాయి. దాచుకోకండి, పారేయకండి. 112కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పండి. ఇంట్లో ఎవరికైనా లైసెన్సు తుపాకి ఉండేదా? అయితే ప్రయాణానికి ముందు పాత బ్యాగుల జేబులన్నీ ఒకసారి తడిమి చూసుకోండి.

అన్నట్టు, కోల్‌కతా విమానాశ్రయం ఉన్నది ఎక్కడో తెలుసా? దమ్‌దమ్‌లోనే! ఒకప్పుడు తూటాలతో లోకాన్ని కదిలించిన ఊళ్లో, ఇప్పుడు స్కానర్లు రోజంతా బ్యాగుల్లో తూటాల కోసం వెతుకుతున్నాయి.